రిటైర్మెంట్ తేదీ పాత డైరీల్లో దొరుకుతుంది

నాకిప్పుడు 61. ముప్పై నాలుగేళ్లు అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసి, ఇంకా మూడేళ్ల సర్వీసు ఉండగానే 57లో మానేశాను. అప్పట్నుంచీ తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగేది ఒకటే మాట: "చేతిలో ఎంత ఉంటే మానెయ్యొచ్చు?" లెక్కలు చూసినదాన్ని కదా, చెప్పేస్తానని వాళ్ల నమ్మకం. చెబుతాను. కానీ దానికంటే ముందు తేల్చుకోవాల్సిన లెక్క ఇంకోటుంది. ఇప్పటిదాకా గడిచినదాంట్లో ఏ పదేళ్లు మీకు బాగా గడిచాయి, ఆ పదేళ్లలో అసలేముంది అన్నది. నేను దాన్ని సగమే తేల్చుకుని ఉద్యోగం వదిలాను. మిగతా సగానికి ఆరు నెలలు అవస్థపడ్డాను. మీకు ఆ అవస్థ లేకుండా ఉండాలని ఇది రాస్తున్నాను.

కావాల్సినవి ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు, ఖాళీగా ఉన్న రెండు మూడు ఆదివారాలు. పెన్నుతో రాయకండి. చాలా చెరపాల్సి వస్తుంది.

జ్ఞాపకాన్ని సాక్ష్యానికి పిలవొద్దు

బాగా గడిచిన పదేళ్లు ఏవని అడిగితే చాలామంది తడుముకోకుండా ఇరవైలు అంటారు. నేనూ అలాగే అన్నాను. మొదటి ఉద్యోగం, మొదటి జీతం, పెళ్లి, పాప పుట్టడం, అన్నీ కళ్లకు కట్టినట్టు గుర్తున్నాయి మరి. అయితే అది నా ఒక్కదాని సంగతి కాదట. నలభై దాటినవాళ్లని పాత సంగతులు చెప్పమంటే, ఎక్కువగా పది నుంచి ముప్పై ఏళ్ల మధ్యలో జరిగినవే చెబుతారు. మనస్తత్వ శాస్త్రంలో దీనికి 'రెమినిసెన్స్ బంప్' అని పేరు. ఆ వయసులో ప్రతిదీ మొదటిసారి జరుగుతుంది, మొదటిసారి జరిగింది గట్టిగా అతుక్కుంటుంది. గుర్తుండిపోవడం వేరు, బాగుండటం వేరు.

నాకిది ఎలా తెలిసిందంటే, ఆఫీసులో ఏటా ఇచ్చే డైరీలు నేను పారెయ్యలేదు. 29 ఉన్నాయి, ఓ ఐదు ఇల్లు మారినప్పుడు పోయాయి. వాటిలో కవిత్వమేం లేదు. రోజుకి రెండు మూడు ముక్కలు, అంతే. 56వ ఏట ఒక ఆదివారం వాటిని కింద పరిచి, ఒక్కోదాంట్లో ఏదో ఒక మామూలు మంగళవారం తీసి చదవడం మొదలుపెట్టాను. పండగలూ పెళ్లిళ్లూ ప్రయాణాలూ వదిలేశాను. అవి ఎలాగూ బాగానే ఉంటాయి. బతుకంతా ఉండేది మంగళవారాల్లోనే.

26వ ఏటి మంగళవారం: "తలనొప్పి. ఎవరూ పని చెప్పలేదు. ఐదెప్పుడవుతుందా అని కూర్చున్నా."

ఇదీ నా బంగారు యవ్వనం.

46వ ఏటి మంగళవారం: "అత్తయ్యకి రాత్రంతా దగ్గు. నిద్ర లేదు. సాయంత్రానికి 270 దొరికింది!!" రెండు ఆశ్చర్యార్థకాలు. నేను మామూలుగా ఒకటి కూడా పెట్టే మనిషిని కాను.

ఆ 270 గురించి కాస్త చెప్పాలి. జమలూ ఖర్చులూ కలవనప్పుడు వచ్చిన తేడాని ముందు 9తో భాగించి చూడటం మా వృత్తిలో పాత కిటుకు. శేషం లేకుండా పోతే, ఎవరో ఎక్కడో రెండు అంకెల్ని తారుమారు చేసి రాసి ఉండొచ్చు. 5,472 అని రాయాల్సిన చోట 5,742 అని రాస్తే తేడా 270. తొమ్మిదితో భాగిస్తే 30. అంటే పదుల స్థానం, వందల స్థానం అటూ ఇటూ అయ్యాయని, ఆ రెండు అంకెల మధ్య తేడా మూడని అర్థం. ఇక్కడ నాలుగూ ఏడూ. ఇక కళ్లు పేజీ మీద మూడు తేడా ఉన్న అలాంటి జంట అంకెల కోసమే పరిగెడతాయి. ఆ రోజు ముగ్గురు కుర్రాళ్లు రెండు రోజులుగా వెతుకుతున్నదాన్ని నా టేబుల్ దగ్గరికి తెచ్చారు. నలభై నిమిషాల్లో దొరికింది. పదిహేనేళ్ల కిందటి ఆ సాయంత్రం నాకు బొత్తిగా గుర్తులేదు. డైరీ చూస్తేనే తెలిసింది.

43 నుంచి 51 దాకా డైరీలన్నీ ఇంచుమించు ఇలాగే ఉన్నాయి. ఇంట్లో మంచాన పడ్డ మనిషి, పాప పరీక్షలు, తీరని లోను. ఎవరైనా అడిగితే అవి నా కష్టకాలం అని చెప్పేదాన్ని. రోజువారీగా చూస్తే మాత్రం నేను ఎక్కువగా బతికింది అప్పుడే.

ఇక్కడో చిన్న తిరకాసు ఉంది. డేవిడ్ బ్లాంచ్‌ఫ్లవర్ అనే ఆర్థికవేత్త వందకు పైగా దేశాల సర్వేలు చూసి, జీవితం మీద సంతృప్తి 47, 48 ఏళ్ల దగ్గర అడుగంటి తర్వాత మళ్లీ పైకి లేస్తుందని తేల్చాడు. ఇంగ్లీషు 'యు' అక్షరంలా ఉంటుందంటారు ఆ గీత. అందరూ ఒప్పుకున్న మాట కాదు, దాని మీద వాదనలున్నాయి. ఏదేమైనా అది లక్షల మంది సగటు. సరిగ్గా ఆ గుంటలోనే నా మంచి రోజులున్నాయి. సగటు చూసి మీ పదేళ్లు ఎంచుకోకండి అని చెప్పడానికే ఇది.

డైరీలు లేనివాళ్లు ఏం చెయ్యాలి? పాత బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఉత్తరాలు, ఈమెయిళ్లు, ఫోన్‌లో ఉన్న మెసేజీలు తియ్యండి. ఫొటో ఆల్బమ్‌ని మాత్రం నమ్మొద్దు, ఏడుస్తూ ఎవరూ ఫొటో తీయించుకోరు. ఏమీ దొరకకపోతే ఒక్కో పదేళ్లకి ఒక ఇల్లూ ఒక ఆఫీసు గదీ గుర్తు తెచ్చుకుని, మామూలు రోజు ఒకటి గంట గంటకీ రాయండి. లేవగానే మొదట ఏం గుర్తొచ్చేది, రోజులో ఎవరితో ఎక్కువ మాట్లాడేవాళ్లు, ఏ పనిలో పడితే గడియారం చూసేవాళ్లు కాదు, రాత్రి పడుకోగానే నిద్ర పట్టేదా. ఇంట్లోవాళ్లని కూడా అడగండి. "నువ్వు పాడుకుంటూ తిరిగిన రోజులు ఎప్పుడమ్మా అంటే, నేను తొమ్మిదో క్లాసులో ఉన్నప్పుడు" అంది మా అమ్మాయి. అప్పుడు నాకు 43. నేను పాడేదాన్ననే నాకు తెలీదు.

పదికి ఇన్ని అని మార్కులు వెయ్యాలని నేను మొదట సరదాపడ్డాను. గళ్లు గీసి, కూడికలు వేసి, సగటు తీశాను. ఎందుకూ పనికిరాలేదు. మార్కులు మానేసి, చదువుతుంటే మొహం విప్పారిన వాక్యాల కింద గీత గియ్యండి చాలు.

ఆ పదేళ్లలో ఏముందో విడదియ్యడం

గీతలు గీసిన వాక్యాలన్నీ ఒక పేజీ మీదకి ఎక్కించండి. నాకు పదహారు వచ్చాయి. చూస్తే అవి నాలుగు రకాలే. ఎవరో ఒకరు చిక్కుముడి పట్టుకుని నా దగ్గరికి రావడం. సాయంత్రం ఇంకో సెక్షన్ ఆవిడతో కలిసి ఇరవై నిమిషాలు నడుచుకుంటూ రావడం, దారంతా నవ్వుకోవడం. ఇంట్లో ఏ నిర్ణయానికైనా ఒకరి మొహం చూడక్కర్లేకపోవడం. నాలుగోది, చెప్పడానికి సిగ్గుగా ఉంది, మోకాళ్లు నొప్పి లేకపోవడం.

ఇప్పుడు ఒక్కోదాని పక్కనా అది ఎక్కణ్ణుంచి వచ్చిందో రాయండి: వయసు వల్లా, ఉద్యోగం వల్లా, మనుషుల వల్లా? వయసు ఇచ్చింది మళ్లీ రాదు, దాన్ని కొట్టేయండి. మనుషులిచ్చింది మీతోపాటే వస్తుంది, అయితే ఆ మనుషులు ఇంకా ఫోన్ ఎత్తుతున్నారో లేదో చూసుకోవాలి. ఉద్యోగం ఇచ్చినదాని దగ్గర ఆగి, ఈ నెల డైరీతో పోల్చి చూడండి.

నా 56వ ఏటి డైరీలో ఒక వారం ఇలా ఉంది: "మీటింగ్. అప్రూవల్స్. పాస్‌వర్డ్ మళ్లీ లాక్. మీటింగ్." తేడాలు సాఫ్ట్‌వేరే పట్టేస్తోంది. నా దగ్గరికి చిక్కుముడి తెచ్చినవాళ్లు ఆ ఏడాది మొత్తం మీద ఇద్దరు. నడకలో తోడొచ్చే ఆవిడ రిటైరై నాలుగేళ్లయింది. జీతం మాత్రం అంతకుముందు ఎన్నడూ లేనంత వస్తోంది. అంటే నాకు ఉద్యోగంలో నచ్చినవి నేను వెళ్లకముందే వెళ్లిపోయాయి. కుర్చీ ఒక్కటే మిగిలింది.

కొంత నా వయసు కూడా ఉందిలెండి. కొత్త స్క్రీన్లు అలవాటు కావడానికి కుర్రాళ్లకి రెండు రోజులు పడితే నాకు రెండు వారాలు పట్టేది. దీనికి బాధపడక్కర్లేదని తర్వాత చదివాను. జాషువా హార్ట్‌షోర్న్, లారా జెర్మైన్ 2015లో అచ్చువేసిన పరిశోధనలో, బుర్ర చేసే పనులన్నీ ఒకే వయసులో శిఖరానికి చేరవని తేలింది. వేగం ఇరవైకి ముందే తగ్గడం మొదలవుతుంది, పదసంపద అరవైలు దాటేదాకా పెరుగుతూనే ఉండొచ్చు. మీ ఉద్యోగం ఇప్పుడు మీ నుంచి వేగం అడుగుతోందా, అనుభవం అడుగుతోందా అన్నది కూడా ఆ పేజీ మీద రాసుకోండి.

దీన్నిబట్టి తేలేది ఏమిటంటే: మీకు నచ్చినవి ఇంకా ఉద్యోగంలోనే ఉంటే, డబ్బు సరిపోయినా మానొద్దు. పక్కింటివాళ్లు మానేశారని అసలే మానొద్దు. అవి ఉద్యోగంలో పోయి, బయట ఇంకోచోట దొరుకుతుంటే, డబ్బు లెక్క సరిపోయిన నెలలోనే రాజీనామా చీటీ ఇచ్చెయ్యండి. ఉద్యోగంలోనూ లేవు, బయటా లేవు అంటే, అది నా పరిస్థితి. అప్పుడు ఇంకో ఏడాది ఆగి, ఆ ఏడాదిని బయట దారి వేసుకోవడానికి వాడుకోవాలి. నేను ఆగలేదు.

ముందుగా నెల రోజులు ఉత్తుత్తి రిటైర్మెంట్

మా అమ్మాయి చెప్పింది, "అమ్మా, లీవుంది కదా, నెల పెట్టి చూడు" అని. పెట్టాను. కానీ తప్పుగా పెట్టాను. రెండు వారాలు ఊళ్లు తిరిగి వచ్చి, మిగతా రెండు వారాలు నిద్రపోయి, "ఆహా, ఎంత హాయి" అనుకున్నాను. సెలవుని రిటైర్మెంట్ అనుకోవడం అందరూ చేసే పొరపాటే. సెలవు బాగుండేది ముందర ఉద్యోగం ఉంది కాబట్టి.

అందుకని మీరు పెట్టే నెలలో ఎక్కడికీ వెళ్లకండి. జీతం ఉన్నా, రిటైరయ్యాక నెలకి ఎంత అనుకున్నారో అంతే ఖర్చుపెట్టండి. మొదటి వారం లెక్కలోకి రాదు, అది బాకీపడ్డ నిద్ర. అసలు పరీక్ష మూడో వారంలో మొదలవుతుంది. ప్రతి మంగళవారం ఉదయం పదింటికీ, మధ్యాహ్నం మూడింటికీ ఏం చేస్తున్నారో రాయండి. మధ్యాహ్నం మూడు చాలా నిజాయితీగల సమయం.

నేను నిజంగా మానేశాక నా మూడో వారం ఎలా గడిచిందో చెబుతాను. బీరువాలో బట్టలు రంగుల వారీగా సర్దాను. కరెంటు బిల్లులు ఏళ్ల వారీగా పిన్ను కొట్టాను. తర్వాత మా ఆయన వెంట పడ్డాను. ఆ డబ్బా అక్కడెందుకు పెట్టారు, ఈ రసీదు ఏది, నిన్న తెచ్చిన చిల్లర ఎంత. నాలుగు రోజులు ఓర్చుకుని ఆయన మెల్లగా అన్నారు, "నువ్వు రిటైరయ్యావనుకున్నా. నన్ను ఆడిట్‌కి తీసుకున్నావని తెలీదు." అప్పుడు నవ్వేశాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు చిక్కుముళ్లు కావాలి. దొరక్కపోతే ఇంట్లో ఉన్న మనిషినే చిక్కుముడి చేస్తున్నాను.

ఆరు నెలలయ్యాక ఒక చిన్న సేవా సంస్థ లెక్కలు చూడటానికి ఒప్పుకున్నాను. వారానికి రెండు పూటలు, జీతం లేదు. వాళ్ల పుస్తకాలు ఎంత ఘోరంగా ఉన్నాయంటే నాకు పండగే. ఈ పని ఉద్యోగంలో ఉండగానే, శనివారాలు వెళ్లి మొదలుపెట్టి ఉంటే ఆ ఆరు నెలలు తప్పేవి. కాబట్టి మీ పేజీలో ఉద్యోగం ఇచ్చిన వస్తువు ఏదైతే ఉందో, అది జీతం లేకుండా దొరికే చోటు ఒకటి, మానెయ్యడానికి కనీసం ఏడాది ముందు వెతికి పెట్టుకోండి. "అప్పుడు చూసుకుందాంలే" అనుకునే హాబీలు లెక్కలోకి రావు. పదేళ్లుగా ముట్టుకోని వీణ రిటైరయ్యాక దానంతట అది మోగదు.

ఇక డబ్బు

అందరికీ కావాల్సిన భాగం ఇదే గానీ, నిజానికి ఇదే సులువు. నెల ఖర్చుని 100 అనుకోండి. ధరలు ఏటా ఆరు శాతం పెరుగుతాయనుకుంటే, 72ని ఆరుతో భాగిస్తే 12 (72ని ఆ శాతంతో భాగిస్తే ఎన్నేళ్లకి రెట్టింపవుతుందో ఇంచుమించుగా తెలుస్తుంది). అంటే పన్నెండేళ్లకి అదే బతుకుకి 200 కావాలి, ఇరవై నాలుగేళ్లకి 400. ఈ రెండు అంకెలు చూడకుండా "ఇప్పుడు సరిపోతుంది కదా" అనేవాళ్లతో నేను వాదించను.

ఎంత కూడబెట్టాలన్నదానికి ఎక్కువమంది చెప్పేది నాలుగు శాతం సూత్రం. విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో అమెరికా షేర్లు, బాండ్ల పాత లెక్కలు వేసి చూసి, మొదటి ఏడాది నిల్వలో నాలుగు శాతం తీసుకుని, ఆపైన ధరల పెరుగుదలకి తగ్గట్టు పెంచుకుంటూ పోతే 30 ఏళ్లు డబ్బు నిలిచిందన్నాడు. తిరగేస్తే ఏడాది ఖర్చుకి 25 రెట్లు. అది ఆ దేశపు లెక్క, 30 ఏళ్లకే లెక్క. 57లో మానేసే ఆడమనిషి 90 దాకా బతకొచ్చు కాబట్టి నేను 30 రెట్లు దాటాకే కదిలాను. మందుల ఖర్చు ఇందులో కలపలేదు, వేరే మూట కట్టాను.

ఒక్క ప్రమాదం మాత్రం గట్టిగా చెప్పాలి. మానేసిన మొదటి రెండు మూడేళ్లలోనే మార్కెట్ పడితే దెబ్బ లోతుగా తగులుతుంది. 100 ఉన్నది 40 శాతం పడి 60 అయితే, మళ్లీ 100 కావడానికి 67 శాతం పెరగాలి. ఆ 60లోంచి మీరు ఖర్చుకి 4 తీస్తే మిగిలిన 56కి 79 శాతం పెరుగుదల కావాలి. అందుకే మూడేళ్ల ఖర్చు ఒడిదుడుకులు లేని చోట విడిగా ఉంచి, ఆ తర్వాతే చీటీ ఇవ్వండి.

రిటైర్మెంట్‌కి ఆ 60, 65 ఎక్కడివి?

ఆ అంకెలకి మన ఒంటితో సంబంధం లేదు. జర్మనీలో ఛాన్సలర్ బిస్మార్క్ హయాంలో 1889లో వృద్ధాప్య పెన్షన్ చట్టం తెచ్చినప్పుడు పెట్టిన వయసు 70. దాన్ని 1916లో 65 చేశారు. ఖజానా ఎంత భరించగలదో చూసి ప్రభుత్వాలు పెట్టుకునే అంకెలివి, మీ మోకాళ్లని అడిగి పెట్టినవి కావు.

మోకాళ్లని మీరే అడగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 అంచనాల్లో ప్రపంచ సగటు ఆయుర్దాయం సుమారు 73 ఏళ్లు, ఆరోగ్యంగా గడిచే ఆయుర్దాయం 63, 64 ఏళ్ల దగ్గర. మధ్యలో ఉన్న ఆ తొమ్మిది పదేళ్లు కుర్చీలో కూర్చుని చేసే పనులకి. రిటైరయ్యాక చెయ్యాలనుకున్నవన్నీ రాసి, మెట్లెక్కాల్సినవన్నీ పైకి జరపండి. ఆ పై జాబితా పొడుగ్గా ఉంటే తేదీని ముందుకి లాగండి. "మానేస్తే మనిషి తొందరగా పోతాడు" అని భయపెట్టేవాళ్లుంటారు. ఒంట్లో బాగాలేనివాళ్లే ముందుగా మానేస్తారు కాబట్టి ఆ లెక్కలో ఏది కారణమో ఏది ఫలితమో తేల్చడం అంత తేలిక కాదు. ఆ మాట పట్టుకుని తేదీ మార్చకండి.

ఇదంతా చేశాక ఆ పేజీ అడుగున ఒక తేదీ పెన్సిల్‌తో రాయండి. ఇంట్లో రెండో మనిషి చేత కూడా విడిగా, మీ పేజీ చూపించకుండా రాయించండి. ఇద్దరి తేదీలూ కలవక్కర్లేదు. మావి కలవలేదు. మా ఆయనకి 63. నేనే పక్కన కూర్చుని ఆయన పదేళ్లు వెతికించాను. డైరీ అన్నది రాయని మనిషి, పాత రిపేరు బిల్లు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. రెండు ఆదివారాలు తిప్పి, "నాకు బాగా గడుస్తున్నది ఇప్పుడేనే" అన్నారు. వర్క్‌షాప్ కుర్రాళ్లకి అప్పజెప్పి, వారానికి మూడు రోజులే వెళ్తున్నారు. వెళ్లిన రోజు ఈల వేసుకుంటూ వస్తారు. రాత్రిళ్లు బండి నడపడం కష్టమైన రోజున మానేస్తానని ఆయన మాట. మొన్న కళ్ల డాక్టర్ దగ్గర్నుంచి వచ్చి, నన్ను రబ్బరెక్కడుందని అడిగారు. ఉన్న తేదీ చెరిపి ఇంకో ఏడాది ముందుకి తెచ్చుకుని, మళ్లీ పెన్సిల్‌తోనే రాశారు.